మెమరీ కార్డు కొనేముందు అమ్మేవాడెవరో చూడండి

కొత్తగా అమెరికా వచ్చినవాళ్ళు కెమెరా కొన్న వారంలోనే నన్ను అడుగుతారు, "అన్నా, మెమరీ కార్డు ఏ కంపెనీది తీసుకోమంటావు?" అని. కంపెనీ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఎవరి దగ్గర కొంటున్నారో చెప్పండి అంటాను. శాన్‌డిస్క్, శాంసంగ్, లెక్సర్, కింగ్‌స్టన్, సోనీ, వీటిలో ఏదైనా పరవాలేదు. కానీ ఆ పేర్లు అచ్చేసిన దొంగ కార్డులు బోలెడన్ని తిరుగుతున్నాయి, నేను మోసపోయింది అక్కడే.

మా అమ్మానాన్న మొదటిసారి న్యూజెర్సీ వచ్చినప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరో సెల్లర్ దగ్గర సగం ధరకే 64 జీబీ కార్డు దొరికింది. లోగో, ప్యాకెట్, అన్నీ అసలుదానిలాగే ఉన్నాయి. ఆ కార్డు వేసుకుని నయాగరా వెళ్ళాం. పడవ ఎక్కేముందు ఇచ్చే ఆ పల్చటి నీలం రెయిన్‌కోటు చీర మీదే వేసుకుని, తుంపర మొహాన కొడుతుంటే అమ్మ నాన్న చెయ్యి గట్టిగా పట్టుకుని నవ్వుతూ నిలబడింది. అవి ఒక ఇరవై ఫోటోలు తీశాను, తీసిన వెంటనే కెమెరా వెనక స్క్రీన్ మీద చక్కగా కనిపించాయి కూడా. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో పెడితే ఎయిర్‌పోర్టులో తీసినవి, మొదటి వారం తీసినవి బాగానే ఉన్నాయి. నయాగరావి మాత్రం ఫైళ్ళ పేర్లున్నాయి గానీ ఒక్కటీ తెరుచుకోదు, ఒక్క ఫోటోలో మాత్రం పైన వేలెడంత ఆకాశం, దాని కింద అంతా బూడిదరంగు. ఆ తర్వాత అమ్మకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువై మళ్ళీ అంత దూరం ప్రయాణం చేయలేకపోయింది. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

జరిగిందేమిటంటే, ఆ కార్డు లోపల నిజంగా ఉన్న జాగా 8 జీబీ. కార్డులో ఉండే కంట్రోలర్ చిప్‌లో ప్రోగ్రాం మార్చేసి 64 అని చెప్పేలా చేస్తారు. కెమెరా అయినా కంప్యూటర్ అయినా దాని మాటే నమ్ముతుంది. ఆ 8 జీబీ నిండేదాకా ఏ తేడా తెలియదు. నిండాక కూడా ఫోటో రాసేశానని చెబుతూనే ఉంటుంది, కానీ రాయడానికి చోటేదీ? కొన్ని కార్డుల్లో కొత్త ఫోటోలు వెళ్ళి పాతవాటి మీదే పడతాయి, అప్పుడు రెండూ పోతాయి. కొన్న రోజే నాలుగు ఫోటోలు తీసి "పనిచేస్తోంది" అనుకుంటే సరిపోకపోవడానికి కారణం ఇదే.

మరి ఎక్కడ కొనాలి? బెస్ట్ బై, కాస్ట్‌కో లాంటి షాపులో నేరుగా కొంటే గొడవ లేదు. ఎడిసన్ వైపు ఉండేవాళ్ళయితే రైలెక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగండి, కెమెరా సామాన్లకి పేరున్న బీ అండ్ హెచ్ షాపు అక్కణ్ణుంచి నడిచిపోయేంత దూరమే. అయితే శనివారం వెళ్ళకండి, యూదుల విశ్రాంతి దినం కాబట్టి ఆ రోజు మూసేస్తారు, శుక్రవారం కూడా త్వరగానే కట్టేస్తారు. అమెజాన్‌లో అయితే ధర కింద "సోల్డ్ బై" అన్న చోట ఎవరి పేరుందో చదవండి. అమెజాన్ పేరో, కార్డు తయారుచేసే కంపెనీ పేరో ఉంటే తీసుకోండి, ఎప్పుడూ వినని పేరుంటే ఎంత తగ్గింపు ఇచ్చినా వదిలేయండి. పది పదిహేను డాలర్లకి 1 టీబీ కార్డు అని కనిపిస్తే ఇంక ఆలోచించేదేమీ లేదు, అది దొంగదే. డబ్బు డెబిట్ కార్డుతో కాకుండా క్రెడిట్ కార్డుతో కట్టండి, తేడా వస్తే డిస్ప్యూట్ వేయడం, అంటే కార్డు ఇచ్చిన బ్యాంకుకి ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి అడగడం, తేలిక.

కొన్నాక ఎక్కడ కొన్నా సరే, మొదటి ఫోటో తీయకముందే ఒక పరీక్ష చేయండి. విండోస్‌కి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌కీ లినక్స్‌కీ ఎఫ్3 అని ఉచిత ప్రోగ్రాములున్నాయి. ఇవి కార్డంతా నిండేదాకా రాసి, రాసింది రాసినట్టు ఉందో లేదో మళ్ళీ చదివి చూస్తాయి. 128 జీబీ కార్డుకి గంటో రెండు గంటలో పడుతుంది, రాత్రి పెట్టేసి పడుకోండి. నా కార్డుకి ముందే ఇది చేసి ఉంటే ఆ రాత్రే బయటపడేది. ఇంకో మాట, 64 జీబీ కార్డు విండోస్‌లో 59.6 అని కనిపిస్తే కంగారు పడకండి, అది లెక్కపెట్టే పద్ధతిలో తేడా, మోసం కాదు.

కార్డు మీద ఉండే అంకెల గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. పెద్ద అక్షరాల్లో వేసే 170, 200 అన్నవి సెకనుకి ఇన్ని ఎంబీలని చెప్పే చదివే వేగాలు. వీడియోకి కావలసింది రాసే వేగం, అది చిన్నగా వీ30 అనో యూ3 అనో ఉంటుంది, అంటే సెకనుకి కనీసం 30 ఎంబీ. మామూలు 4కె వీడియోకి అది చాలు. వీ90 కార్డులు చాలా ఖరీదు, మీ కెమెరా అడిగితే తప్ప వద్దు. ఎవరైనా పాత కెమెరా ఇస్తే మాత్రం మాన్యువల్ చూడండి, చాలా పాత వాటికి 32 జీబీ దాటిన కార్డు ఎక్కదు. పిల్లలకి నింటెండో స్విచ్ 2 అనే గేముల మెషీన్ కొన్నవాళ్ళు కూడా జాగ్రత్త, దాంట్లో గేములు పెట్టుకోవాలంటే మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అని ప్రత్యేకంగా రాసి ఉన్న కార్డే కావాలి, పాత స్విచ్‌లోది తీసి పెడితే కుదరదు. కారులో దారంతా వీడియో తీసే డ్యాష్‌కామ్ కెమెరాకి హై ఎండ్యూరెన్స్ అన్న రకం తీసుకోండి, రోజంతా రాసి చెరిపే పనికి మామూలు కార్డు తొందరగా అరిగిపోతుంది.

ఊరు వెళ్ళేటప్పుడు చుట్టాలు "ఒక కార్డు పట్టుకురా బాబూ" అంటారు కదా, వాళ్ళకి ఇచ్చేదాన్ని కూడా ఇక్కడే పరీక్ష చేసి పట్టుకెళ్ళండి. అక్కడికెళ్ళాక తేడా అని తెలిస్తే రిటర్న్ చేయలేరు.

మంచి కార్డయినా ఏదో ఒకరోజు పోతుంది. ప్రయాణాల్లో నేనిప్పుడు ఒకే పెద్ద కార్డు బదులు రెండు మూడు 64 జీబీ కార్డులు వాడుతున్నాను, ప్రతి రాత్రీ హోటల్లో ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, రెండో కాపీ బయటి డ్రైవ్‌లో పెట్టాకే కార్డు ఖాళీ చేస్తాను, అదీ కెమెరాలోనే ఫార్మాట్ కొట్టి. పొరపాటున ఫోటోలు చెరిపేస్తే కార్డు వెంటనే బయటికి తీసేయండి, ఇంకొక్క ఫోటో కూడా తీయకండి. ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో చాలావరకు వెనక్కి వస్తాయి. దొంగ కార్డులో పోయినవి మాత్రం రావు, అవి అసలు దాంట్లోకి ఎక్కనన్నా ఎక్కవు, లేదా వాటి మీద వేరేవి పడిపోయి ఉంటాయి కాబట్టి.

అమ్మానాన్నలకి టికెట్లు బుక్ చేసిన రోజే కార్డు కూడా కొనేయండి. పరీక్ష చేయడానికి, బాగోకపోతే మార్చుకోవడానికి టైము ఉంటుంది.