అమ్మమ్మ ధైర్యం నాకు ఎలా వస్తుంది?

ప్రశ్న: అక్కా, మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. బ్యాంక్ ఎగ్జామ్ రెండోసారి పోయింది, పుస్తకం ముట్టుకోబుద్ధి కావట్లేదు. 2018లో తిత్లీ తుఫానుకి మా అమ్మమ్మ జీడితోట మొత్తం పడిపోయింది, అయినా ఆవిడ మళ్లీ నాటింది. నాకు ఆ ధైర్యం ఎందుకు లేదు?
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: చెల్లీ, నువ్వు ఆవిడని ఇప్పుడు చూస్తున్నావు, ఆ అక్టోబర్ 11 పొద్దున్న చూడలేదు కదా. జీడిమొక్క నాటితే కాపుకి రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది, అంటే అన్నాళ్లూ ఆవిడ ఖాళీ చేతులతోనే ఆ తోటకి వెళ్లొచ్చింది. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి బరంపురంలో మా నాయనమ్మ ఇంటి పెంకులన్నీ ఎగిరిపోయాయి, తెల్లారి ఆవిడ ఎవరితో మాట్లాడకుండా వాకిట్లో కూర్చుని పగలని పెంకులు ఏరి గోడవార పేర్చింది, చీర కొంగుతో ఒక్కోటీ తుడిచి మరీ. ఏడ్చింది మాత్రం నాలుగో రోజు, బాగా ఏడ్చింది. నాకు ఆ ఏడుపు కూడా ధైర్యంలాగే గుర్తుంది.

అందుకే అమ్మమ్మని "ధైర్యం ఎలా వచ్చింది" అని అడక్కు, "మొదటి వారం ఏం చేశావు, ఏం తిన్నారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చావు" అని అడుగు. భయపడ్డావా అని కూడా అడుగు, తప్పకుండా చెప్తుంది. ఈ పది రోజులు పుస్తకం పక్కన పెట్టేయ్, పర్లేదు, పొద్దున్నే ఆవిడతో తోటకి వెళ్లు. తర్వాత ఏ సబ్జెక్టులో మార్కులు పోయాయో ఆ ఒక్కటే తియ్యి.