బైండ్‌జెన్‌తో కుస్తీ పడుతున్న అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

సీ హెడర్లు చదివి రస్ట్ కోడ్ రాసిపెట్టే బైండ్‌జెన్‌ని మీ టీమ్ మార్చుకుందని, దాన్ని నిక్స్ అనే ప్యాకేజీ మేనేజర్‌కి ప్యాక్ చేశానని, బిల్డ్ శుభ్రంగా అయిందని, తీరా వాడబోతే క్లాంగ్ కంపైలర్ లైబ్రరీ లిబ్‌క్లాంగ్ దొరకడం లేదంటోందని రాశావు. నవ్వొచ్చింది. నేనూ సరిగ్గా అక్కడే మూడు రోజులు కూర్చున్నాను, కరెంటు పోయిన రాత్రులతో కలిపి.

మన అమలాపురం చేలు గుర్తు తెచ్చుకో. మనం తూము తియ్యకపోయినా పక్క చేలోంచి ఊట వచ్చి మడి తడుస్తుంది. తడిసింది కదా అని బోదె సంగతి మర్చిపోతాం. ఉబుంటులో నీ ప్రోగ్రాం నడిచేది ఆ ఊటతోనే. హెడర్లు, లైబ్రరీలు అడక్కుండానే దొరికేస్తాయి. నిక్స్ బిల్డ్‌లోకి ఊట రాదు. నువ్వు రాసిన ఇన్‌పుట్లే దానికి నీళ్లు.

రస్ట్ ప్యాకేజీలు తెచ్చే కార్గోకి నిక్స్ అడిగే హాష్, అంటే ఫైళ్ల వేలిముద్ర, దాని గురించి టెన్షన్ పడకు. ముందు దొంగ హాష్ పెట్టు, నిక్స్ తిట్టి అసలుది చూపిస్తుంది, అది అతికించు.

మెలికంతా లిబ్‌క్లాంగ్ దగ్గరే. ఇలాంటి పనే చేసే ఇంకో టూల్ స్విగ్‌కి సీ హెడర్లు చదివే పార్సర్ సొంతంగా ఉంది. బైండ్‌జెన్ ఆ పని క్లాంగ్ చేత చేయించుకుంటుంది. లిబ్‌క్లాంగ్‌ని కూడా మామూలుగా లింక్ చేసుకోదు, నడిచేటప్పుడు డీఎల్‌ఓపెన్ అనే ఫంక్షన్‌తో తెరుస్తుంది. అందుకే, లింకైన లైబ్రరీలు చూపించే ఎల్‌డీడీలో నీకు కనపడలేదు. ఇంకో సంగతి. రన్‌టైమ్‌కి ఏం వెంట రావాలో నిక్స్ నీ జాబితా చూసి తేల్చదు, తయారైన ఫైళ్లలో స్టోర్ (నిక్స్ ప్యాకేజీలన్నీ ఉంచే ఫోల్డర్) దారుల 32 అక్షరాల హాష్‌లు వెతికి తేలుస్తుంది. నీ బైనరీలో లిబ్‌క్లాంగ్ దారి లేదు, కాబట్టి అది వెంట రాలేదు. అసలు ప్రోగ్రాంని పిలిచే చిన్న రేపర్ స్క్రిప్ట్ పెట్టి, అందులో లిబ్‌క్లాంగ్_పాత్ వేరియబుల్‌కి పూర్తి దారి రాయి. స్క్రిప్టులో ఆ హాష్ ఉంటుంది గనుక నిక్స్ పట్టుకుంటుంది.

అప్పుడు సీ లైబ్రరీలోని ఎస్‌టీడీఐఓ హెడర్ లేదంటుంది. అనాలి కూడా. నిక్స్‌లో జీసీసీకీ క్లాంగ్‌కీ హెడర్ల దారి చెప్పేది వాటి రేపర్లే. లిబ్‌క్లాంగ్‌ని నేరుగా పిలిస్తే మధ్యలో ఆ రేపరే ఉండదు. బైండ్‌జెన్_ఎక్స్‌ట్రా_క్లాంగ్_ఆర్గ్స్ వేరియబుల్‌లో ఆ దారులు నువ్వే అందించాలి. నిక్స్ ప్యాకేజీల భండారం నిక్స్‌ప్యాకేజెస్‌లో బైండ్‌జెన్‌హుక్ అని ఉంది, ముందు అది చదువు. చూసి రాయడానికి సిగ్గుపడకు. నేను సొంత తెలివికి పోయి చెడగొట్టుకున్నాను.

వెర్షన్ నంబర్ ప్రింటయిందని ప్యాకేజీ పంపించెయ్యకు. ఎస్‌టీడీఐఓని ఇంక్లూడ్ చేసే రెండు లైన్ల హెడర్ ఒకటి రాసి, ఇన్‌స్టాల్ అయ్యాక వచ్చే ఇన్‌స్టాల్‌చెక్ దశలో దాని మీద రేపర్‌నే నడుపు, లోపలి బైనరీని కాదు. వచ్చిన రస్ట్ ఫైల్ కంపైల్ అవుతుందో లేదో కూడా చూడు. ఆర్మ్ బోర్డుకి బిల్డ్ చేసేటప్పుడు జెనరేటర్ నీ మెషీన్‌దే, హెడర్లు మాత్రం బోర్డువి. ఈ రెండూ కలిపేస్తే స్ట్రక్ట్ సైజులు తప్పుతాయి, ఆ తప్పు పట్టుకోవడం మహా కష్టం.

మళ్లీ ఆగితే లాగ్ మొత్తం పంపు, చివరి పది లైన్లు కాదు. ఇక్కడ వానకి నెట్ వస్తూ పోతూ ఉంది, జవాబు రాత్రికి ఇస్తాను.

మీ మామయ్య