బోటు ఇంజిన్‌కి ఇంపెల్లర్ కొత్తది వేసినా ఎగ్జాస్ట్‌లో నీళ్లు రావట్లేదంటే

అన్నా, ముందు ఇంజిన్ ఆపెయ్, నీళ్లు లేకుండా ఒక్క నిమిషం తిరిగినా ఆ కొత్త రబ్బర్ ఇంపెల్లర్ (ఇంజిన్‌ని చల్లార్చే బయటి నీళ్లు లాగే పంపులో తిరిగే రెక్కల చక్రం) కూడా మాడిపోద్ది. పాతది పారేశావా? ఉంటే రెక్కలు లెక్కపెట్టు, ఎన్ని తక్కువుంటే అన్ని ముక్కలు లోపలే ఎక్కడో ఇరుక్కున్నట్టు, ఎక్కువగా హీట్ ఎక్స్ఛేంజర్‌లోకి (ఆ నీళ్లతో ఇంజిన్ వేడి తీసే డబ్బా) నీళ్లు వెళ్లే చోటే దొరుకుతాయి, హోస్ ఊడదీసి వేలు పెట్టి చూడు, నల్ల రబ్బరు ముక్కలు తగుల్తాయి. అవి తీయకుండా ఎన్ని ఇంపెల్లర్లు మార్చినా దండగే.

స్ట్రైనర్‌లో (నీళ్లు వడగట్టే జల్లెడ) నాచూ ప్లాస్టిక్ కవర్లూ ఏమన్నా పట్టాయేమో కూడా చూసుకో, సీకాక్ (బోటు అడుగున నీళ్లు లోపలికొచ్చే వాల్వ్) తెరిచే ఉందిగా? తర్వాత పంపు మూత. లోపలివైపు గోరుకి తగిలేంత గీతలుంటే పంపు నీళ్లు లాగదు, చాలా పంపులకి తిప్పి బిగించుకోవచ్చు (బయట అక్షరాలు చెక్కి ఉంటే అవి అరగదీయాలి), కానీ గాస్కెట్ మాత్రం కంపెనీ మందమే వెయ్, లావుది వేస్తే మళ్లీ ఇదే గోల. బిగించేముందు ఇంపెల్లర్‌కి గ్లిజరిన్ గానీ సబ్బునీళ్లు గానీ రాయి, గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బుద్ది.

ఇంకోటి, పంపు అడుగున చిన్న కన్నం ఉంటది, అందులోంచి ఉప్పునీళ్లు కారుతుంటే సీల్ పోయింది, కారుతోందని దాన్ని ఎంసీల్‌తో మూసేయకు, నీళ్లు బేరింగ్‌లోకి పోతాయి.