దివిసీమలో ఇల్లు కట్టుకోవచ్చా? గాలి కన్నా ముందు నీళ్ళ సంగతి చూడండి

అవనిగడ్డ, నాగాయలంక మధ్య మీ అత్తగారి వైపు స్థలంలో ఇల్లు కట్టుకుందామనుకుంటున్నామని, తుఫాన్ల భయం ఎంతవరకు నిజమని అడిగారు. నేను పుట్టిందీ, వ్యవసాయం చేస్తున్నదీ కోడూరు మండలంలోనే. కట్టుకోవచ్చండి. కాకపోతే బయటి నుంచి వచ్చేవాళ్ళు గాలికి భయపడి స్లాబు, కిటికీలు గట్టిగా వేయిస్తారు. ఇక్కడ ప్రాణాలు తీసేదీ, పంట తీసేదీ నీళ్ళే.

1977 నవంబరు 19న ఉప్పెన దాదాపు 5 మీటర్ల ఎత్తున ఊళ్ళ మీద పడింది. ప్రభుత్వ లెక్కల్లోనే సుమారు 10 వేల మంది పోయారు. మా నాయనమ్మ తుమ్మచెట్టు పట్టుకుని తెల్లవార్లూ ఉండి బతికింది. ఆ ముళ్ళు గీరిన మచ్చలు ఆవిడ చేతుల మీద చివరిదాకా ఉన్నాయి. 1990 మేలో వచ్చిన పెద్ద తుఫాను కూడా కృష్ణ సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లోనే తీరం దాటింది. కానీ అప్పుడు హెచ్చరిక ముందే అంది జనాన్ని తరలించారు కాబట్టి మరణాలు వెయ్యి లోపే. ఆ వెయ్యీ తక్కువేం కాదు, కానీ తేడా ఎక్కడొచ్చిందో చూడండి. మీ స్థలానికి తుఫాను షెల్టరు ఎంత దూరం, అక్కడికి వెళ్ళే దారి మునుగుతుందా అన్నది మొదట కనుక్కోండి. సొర్లగొంది వైపున్న మడ అడవి ఉప్పెన జోరును కొంత తగ్గిస్తుంది. దాన్ని కొట్టి రొయ్యల చెరువులు తవ్విన చోట నేనైతే ఇల్లు కట్టను.

రెండోది కృష్ణ వరద. మన ఊళ్ళో చుక్క వాన లేకపోయినా వస్తుంది. 2009 అక్టోబరులో చూశాం, 2024 సెప్టెంబరులో విజయవాడ దగ్గరి ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు మళ్ళీ చూశాం. బ్యారేజీ దగ్గర 3.97 లక్షలకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది ఇస్తారు. నీళ్ళు మన దాకా రావడానికి కొన్ని గంటలు పడుతుంది, సామాన్లు సర్దుకోవడానికి అది చాలు. కరకట్టకు నది వైపు, లంకల్లో మాత్రం స్థలం ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

టీవీల్లో రాని కష్టం ఇంకోటుంది. నవంబరులో వరి కోతకొచ్చాక వాయుగుండం పడితే, మురుగు డ్రెయిన్లు గుర్రపుడెక్కతో పూడి ఉంటాయి, పైగా సముద్రం పోటు మీదుంటే నీళ్ళు దిగవు. పడిపోయిన కంకులు నీళ్ళలో నాని, చేతిలోకి తీసుకుంటే గింజ గింజకీ తెల్లగా మొలక కనిపిస్తుంది. ఆ వడ్లు ఎవరూ కొనరు. ఏటా పెట్టుబడి అప్పులతో ఉండే కౌలు రైతు దాంతో కోలుకోలేడు. దీని గురించి ఇక్కడ జనం ఎంత మొత్తుకున్నా డ్రెయిన్ల పూడికతీత సరిగ్గా జరగదు, నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ అదే.

బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, తాగడానికి కాలవ నీళ్ళే దిక్కు. ఆ లైను మీ వీధి దాకా ఉందో లేదో చూసుకోండి.

పునాది ఎత్తు ఇంజనీరు ఒక్కడు చెప్పింది పట్టుకోకండి. పక్కింటి పెద్దవాళ్ళని 1977లో, 2009లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చూపించమనండి, దానికి పైన వేయించండి. డాబా మీదికి బయటి నుంచి మెట్లు తప్పనిసరి. వీలైతే వానలు దంచి కొట్టే రోజుల్లో ఓసారి వచ్చి స్థలం చూసుకుని, ఆ తర్వాతే మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వండి.