అమ్మాయి మాంసం ల్యాబ్‌లో పనిచేస్తానంటోంది, ఒప్పుకోమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ (మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ) ఆఖరి సంవత్సరం. పాలు, మాంసంలో యాంటీబయాటిక్ అవశేషాలు కనిపెట్టే ల్యాబ్‌లో చేరతానంటోంది. మేం శాకాహారులం. మా బావమరిది కొడుకులాగే డేటా సైన్స్‌లో ఎమ్మెస్‌కి అమెరికా పంపాలని నా ఆలోచన. రెండిట్లో ఏది మేలు? – ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: అయ్యా, ఇలాంటి ఉత్తరం నాకు ఏటా వస్తుంది. కోర్సు పేరు మారుతుంది గానీ భయం అదే. రేపు సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి ఏం చేస్తోందని చెప్పుకోవాలనే కదా మీ బెంగ? ముందు ఆ సంగతే మాట్లాడుకుందాం.

ఆమె కత్తి పట్టుకుని కూర్చోదు. మెత్తగా రుబ్బిన మాంసం రెండు మూడు గ్రాములు ప్లాస్టిక్ గొట్టంలో ఉంటుంది. అందులో ద్రావకం పోసి కుదిపి, గిర్రున తిప్పి, పైకి తేలిన తేటను ఎల్‌సీ-ఎంఎస్ యంత్రానికి (అందులోని రసాయనాలను విడదీసి, గుర్తుపట్టి, ఎంతున్నాయో కొలిచేది) ఇస్తారు. మిగతా పనంతా తెర మీద లెక్కలు చూసుకోవడమే.

పాల పరీక్ష ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఊదారంగు జెల్లీలో బ్యాక్టీరియా ఉంటుంది. దాని మీద పాలచుక్కలు వేసి సుమారు మూడు గంటలు వెచ్చగా ఉంచితే బ్యాక్టీరియా పెరిగి జెల్లీ పసుపు పచ్చగా మారుతుంది. ఊదాగానే ఉండిపోయిందంటే పాలల్లో మందుందని అనుమానించాలి. మీ ఇంట్లో ఎప్పుడైనా మంచి తోడు వేసినా పాలు తోడుకోలేదా? దానికి ఇదీ ఒక కారణం కావచ్చు. పొదుగువాపుకి ఇంజెక్షన్ చేసిన గేదె పాలు, మందు ఒంట్లోంచి పోయే గడువు తీరకముందే కేంద్రంలో పోస్తే జరిగేది ఇదే. కాచినా ఆ మందు పూర్తిగా పోదు. 2018 జాతీయ పాల సర్వేలో 6,432 నమూనాలు పరీక్షిస్తే 77 నమూనాల్లో యాంటీబయాటిక్‌లు పరిమితి దాటాయి. అవి బయటపడింది మీ అమ్మాయిలాంటి వాళ్ల చేతుల్లోనే. మాంసం మీ ఇంటికి రాదు, పాలు రోజూ వస్తాయి కదండీ.

ఇక డేటా సైన్స్. చెడ్డ చదువని అనను. కానీ ఇంటర్‌లో బైపీసీ, డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన పిల్లకు గణితం పునాది ఎవరు వేస్తారు? అప్పు చేసి పంపితే మొదటి సెమిస్టర్‌లోనే బెదిరిపోయిన పిల్లలను నేను చూశాను. ఇంకోమాట, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో బావమరిది కొడుకు ముచ్చటుంది, మీ అమ్మాయి మార్కుల ఊసే లేదు. ఆమెకు ఏది బాగా వచ్చో మీరెప్పుడైనా అడిగారా?

ల్యాబ్‌లో మొదటి జీతం తక్కువే, దాచను. ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల పనితీరు చూసి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు లేని ల్యాబ్‌లో మాత్రం చేర్చకండి, పని రాదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ గానీ మైక్రోబయాలజీ గానీ చేసి, ఆహార పరీక్షల్లో మూడేళ్ల అనుభవం తెచ్చుకుంటే ఫుడ్ ఎనలిస్ట్ (ఆహార నమూనాలు పరీక్షించి నివేదిక ఇచ్చే అధికారి) పరీక్ష రాయొచ్చు. హైదరాబాద్ చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది, నాచారంలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉంది. రొయ్యల పరీక్షలకు భీమవరం, నెల్లూరుల్లో ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) ల్యాబులున్నాయి. ఆ ఎల్‌సీ-ఎంఎస్ యంత్రాలే మందుల కంపెనీల్లోనూ ఉంటాయి కాబట్టి నేర్చిన పని ఎక్కడికీ పోదు.

ఈ సెలవుల్లో ఆమెను తీసుకుని దగ్గర్లోని పాల శీతలీకరణ కేంద్రానికి వెళ్లండి. అడిగి, మందుందో లేదో చూడటానికి పాలల్లో స్ట్రిప్ ముంచే చోట ఆమె పక్కన నిలబడండి. దాని మీద తేలే రెండు గీతల్లో ఒకటి పలచబడితే ఎందుకో మీ అమ్మాయినే చెప్పమనండి.