ఐ-20లో అంకెలు దగ్గరగా ఉంటే ఖర్చూ సమానమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈలో బీటెక్‌ పూర్తి చేసింది. అమెరికాలో ఎమ్మెస్‌కు రెండు అడ్మిట్లు వచ్చాయి. మొదటిది చిన్న ఊళ్లోని స్టేట్‌ యూనివర్సిటీ, కంప్యూటర్‌ సైన్స్‌. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో ఖర్చు 35,000 డాలర్లు చూపించారు. రెండోది పెద్ద నగరంలోని ప్రైవేటు యూనివర్సిటీ, అనలిటిక్స్‌. 42,500 డాలర్లలో 8,000 స్కాలర్‌షిప్‌ పోగా 34,500. ఖర్చు ఒకటే కాబట్టి నగరమే మేలని బంధువులు అంటున్నారు. కోడింగ్‌ వైపు వెళ్లాలా, అనలిటిక్స్‌ వైపా అన్నది తను ఇంకా తేల్చుకోలేదు. నాకు 54 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం, నెలకు 85,000 చేతికి వస్తుంది. డిపాజిట్లు 12 లక్షలు ఉన్నాయి. మిగతాది ఇల్లు తాకట్టు పెట్టి రుణం తీసుకోవాలి. ఏది మంచిది?

సమాధానం: ఖర్చు ఒకటే కాదు. మీరు పంపిన రెండు ఐ-20లనూ పక్కపక్కన పెట్టి, ఖర్చుల పట్టిక పైన ఎన్ని నెలలకు అని రాశారో చూడండి. మొదటిదానిలో 12 నెలలు, రెండోదానిలో 9 నెలలు అని ఉంది. పైగా ఐ-20 చెప్పేది మొదటి విద్యా సంవత్సరం అంచనా మాత్రమే. కోర్సు మొత్తం ధర అందులో ఉండదు. వీసాకు చూపించాల్సిన అంకె వేరు, మీ జేబులోంచి పోయే అంకె వేరు.

అసలు లెక్క క్రెడిట్ల (డిగ్రీకి పూర్తి చేయాల్సిన చదువు యూనిట్లు) దగ్గర మొదలుపెట్టాలి. మొదటి కోర్సు 30 క్రెడిట్లు, క్రెడిట్‌కు 850 డాలర్లు. అంటే ట్యూషన్‌ 25,500. మూడు సెమిస్టర్ల ఇతర ఫీజులు 3,600, ఆరోగ్య బీమా 4,200. నెలకు 1,100 చొప్పున 16 నెలల అద్దె, తిండి 17,600. మొత్తం 50,900 డాలర్లు. రెండోది 36 క్రెడిట్లు, క్రెడిట్‌కు 1,250, ట్యూషనే 45,000. నాలుగు సెమిస్టర్ల ఫీజులు 2,800, రెండేళ్ల బీమా 6,600, నెలకు 1,700 చొప్పున 21 నెలలకు 35,700. స్కాలర్‌షిప్‌ 8,000 తీసేసినా 82,100 డాలర్లు. అడ్మిషన్‌ లేఖలో ఆ స్కాలర్‌షిప్‌ ‘మొదటి ఏడాదికి’ అని స్పష్టంగా ఉంది, రెండో ఏడాది దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. తేడా 31,200 డాలర్లు. డాలరు 90 రూపాయలు అనుకుంటే 28 లక్షలు. స్కాలర్‌షిప్‌ పోగా చూస్తే ఇందులో పెద్ద వాటా ట్యూషన్‌ది కూడా కాదు. నగరపు అద్దెలు, అదనపు ఐదు నెలల నివాసం కలిసి 18,100 డాలర్లు తింటున్నాయి. ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ఇప్పుడు రుణం. వీసా ఫీజు 185 డాలర్లు, సెవిస్‌ (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదుచేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు 350, విమాన టికెట్‌, ల్యాప్‌టాప్‌, అద్దె ఇంటి అడ్వాన్సు వగైరాలకు 3 లక్షలు కలిపి, మీ 12 లక్షలు తీసేస్తే మొదటిదానికి సుమారు 37 లక్షలు, రెండోదానికి 65 లక్షలు అప్పు కావాలి. వడ్డీ 10.5 శాతం, కోర్సు తర్వాత 6 నెలల దాకా కిస్తీ లేదు అనుకుందాం. ఈ వ్యవధిలో వడ్డీ ఊరుకోదు. సెమిస్టర్‌వారీగా విడుదలైన సొమ్ముపై బారువడ్డీ వేసినా కిస్తీలు మొదలయ్యేసరికి బాకీ 42 లక్షలకు, 75 లక్షలకు చేరుతుంది. పదేళ్ల గడువుకు ఈఎంఐ మొదటిదానికి సుమారు 57,000, రెండోదానికి లక్ష పైన.

అమ్మాయికి అక్కడ ఉద్యోగం వస్తే రెండూ తీర్చగలదు. అసలు చూడాల్సింది రాకపోతే ఏమిటన్నది. చదువయ్యాక ఓపీటీలో (విద్యార్థి వీసా మీదే అక్కడ పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. ఖాళీగా తిరిగివస్తే కిస్తీ మీ 85,000 నుంచే కట్టాలి. 57,000 చాలా కష్టం, కానీ గడువు 15 ఏళ్లకు పెంచితే సుమారు 46,500కు దిగుతుంది, కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. రెండోది 15 ఏళ్లకు సాగదీసినా 83,000. అప్పటికి మీకు 56 దాటుతాయి. తాకట్టులో ఉన్నది ఉంటున్న ఇల్లు. ఈ ఒక్క కారణం చాలు, నా ఓటు మొదటిదానికే.

అయితే అమ్మాయి ఇంకా సబ్జెక్టు తేల్చుకోలేదన్నారు కదా, అది చిన్న విషయం కాదు. ఐ-20లోనే కోర్సు పక్కన సీఐపీ కోడ్‌ (కోర్సు ఏ సబ్జెక్టు కిందకు వస్తుందో చెప్పే సంఖ్య) ఉంటుంది. అది స్టెమ్‌ (సైన్స్‌, టెక్నాలజీ, ఇంజినీరింగ్‌, గణితం) జాబితాలో ఉంటే 12 నెలల ఓపీటీ తర్వాత మరో 24 నెలలు పొడిగించుకోవచ్చు (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో కంపెనీ నమోదై ఉండాలి). కంప్యూటర్‌ సైన్స్‌ 11.0701కు ఆ అర్హత ఉంది. అనలిటిక్స్‌ పేరుతో ఉన్న కోర్సుల్లో కోడ్‌ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది: 30.7102, 52.1301 అయితే స్టెమ్‌. బిజినెస్‌ అడ్మినిస్ట్రేషన్‌ కింద 52.0201 అని ఉంటే కాదు. కోర్సు పేరును నమ్మొద్దు, కోడ్‌ చూడండి. రెండో యూనివర్సిటీ ప్రైవేటు కనుక మరొకటి అడగాలి: అది లాభాపేక్ష లేనిదా? ఉద్యోగ వీసా హెచ్‌-1బీలో అమెరికా మాస్టర్స్‌ వాళ్లకు విడిగా ఉండే 20,000 కోటాకు, గుర్తింపు ఉన్న ప్రభుత్వ లేదా లాభాపేక్ష లేని సంస్థ డిగ్రీయే చెల్లుతుంది.

సబ్జెక్టు మార్చుకునే వీలు ఎక్కడ చౌకగా దొరుకుతుందో కూడా ఈమెయిల్‌లో అడిగించండి. కంప్యూటర్‌ సైన్స్‌లో చేరి రెండో సెమిస్టర్‌లో డేటా సైన్స్‌కు మారితే మొదటి సెమిస్టర్‌ క్రెడిట్లలో ఎన్ని లెక్కలోకి వస్తాయి? స్కాలర్‌షిప్‌ డిపార్ట్‌మెంట్‌ది అయితే మారాక ఉంటుందా? జవాబు గ్రాడ్యుయేట్‌ కోఆర్డినేటర్‌ రాతపూర్వకంగా ఇవ్వాలి, ఫోన్‌ మాట లెక్కలోకి రాదు. యూనివర్సిటీనే మారాలంటే మాత్రం భారం ఎక్కువ. మాస్టర్స్‌లో బయటి క్రెడిట్లు చాలాచోట్ల 6 నుంచి 9కి మించి తీసుకోరు.

నగరంలో ఇంటర్న్‌షిప్‌ అవకాశాలు ఎక్కువన్నది నిజమే. కానీ కోర్సులో భాగంగా బయట పనిచేసే సీపీటీ మామూలుగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే ఇస్తారు, ఆ వేసవి ఇంటర్న్‌షిప్‌కు ఏ ఊరి నుంచైనా వెళ్లొచ్చు. దానికోసం 28 లక్షలు ఎక్కువ పెట్టనక్కర్లేదు. క్యాంపస్‌ ఉద్యోగం తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే. దొరికితే తిండి ఖర్చుకు ఆసరా, బడ్జెట్‌లో మాత్రం సున్నా వేసుకోండి. స్టేట్‌ యూనివర్సిటీలో టీచింగ్‌ లేదా రీసెర్చ్‌ అసిస్టెంట్‌షిప్‌ దొరికితే ట్యూషన్‌లో మాఫీ రావచ్చు. దాన్నీ ముందుగా లెక్కేసుకోవద్దు.

రుణం విషయంలో నాలుగు మాటలు. మంజూరు 37 కాకుండా 41 లక్షలకు అడగండి. రూపాయి బలహీనపడినా సరిపోతుంది, విడుదల చేయించుకోని మొత్తంపై వడ్డీ పడదు. మారటోరియంలో (కిస్తీలు లేని వ్యవధిలో) వడ్డీ నెలనెలా కడతానంటే కొన్ని బ్యాంకులు రేటు 1 శాతం దాకా తగ్గిస్తాయి. మొదటి సెమిస్టర్‌ సొమ్ముపై ఆ వడ్డీ నెలకు 11,000 లోపే, మీకు సాధ్యమే. విద్యా రుణ వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే, గరిష్ఠంగా 8 ఏళ్లు. కొత్త విధానంలో ఉంటే అది లేనట్టే. మీ సొంత 12 లక్షలను మాత్రం ఒకేసారి పంపకండి. ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన సొంత డబ్బుపై టీసీఎస్‌ (విదేశాలకు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పడుతుంది, రిటర్నులో సర్దుబాటయ్యేదాకా ఆ సొమ్ము ఇరుక్కుపోతుంది. ఆగస్టులో కొంత, ఏప్రిల్‌ 1 తర్వాత మిగతాది పంపితే ఆ బాధ లేదు. బ్యాంకు విద్యా రుణం నుంచి వెళ్లే ఫీజుకు టీసీఎస్‌ ఉండదు. పర్సనల్‌ లోన్‌ తీసి పంపితే ఈ వెసులుబాటు రాదు.

ఇక క్రమం. ముందు పైన చెప్పిన ప్రశ్నలకు రెండు చోట్ల నుంచీ జవాబులు రానివ్వండి. ఆ తర్వాతే అడ్మిషన్‌ డిపాజిట్‌ కట్టండి, చాలాచోట్ల అది వెనక్కి రాదు. సెవిస్‌ ఫీజు ఇప్పటికే ఒక ఐ-20 మీద కట్టేసి ఉంటే మళ్లీ కట్టనక్కర్లేదు, రెండోదాని సెవిస్‌ నంబరుకు మార్పించుకోవచ్చు. కానీ యూనివర్సిటీ ఖరారు కాకుండా వీసా ఇంటర్వ్యూకు వెళ్లొద్దు. వీసా మీద యూనివర్సిటీ పేరు ముద్రిస్తారు, మొదటిసారి అమెరికాలో అడుగుపెట్టేటప్పుడు చేతిలో ఆ యూనివర్సిటీ ఐ-20యే ఉండాలి.