రాజకీయ వార్తను స్థానిక పాఠకులకు తగ్గట్టు ఎలా మార్చాలి?

స్థానిక నాయకుడి స్పందన ఒకటి తగిలించినంత మాత్రాన రాజధాని వార్త స్థానిక వార్త అయిపోదు (చాలామంది చేసేది ఇదే). ముందు అది ఏ దశలో ఉందో చూడాలి: ఒట్టి ప్రకటనా, బిల్లా, చట్టమా, నిబంధనలు కూడా వచ్చాయా? బిల్లు దశలోనే ‘ఇక డబ్బులు వస్తాయి’ అని రాస్తే జనం ఆఫీసుల చుట్టూ అనవసరంగా తిరుగుతారు. ఎవరికి వర్తిస్తుంది, ఎప్పటి నుంచి, నిధులు ఎవరిస్తారు, ఇక్కడ అమలు చేసే ఆఫీసు ఏది అన్నవి అధికారులను అడిగే రాయాలి. భాష సులువు చేసే తొందరలో అవతలి పక్షం వాదన ఎగిరిపోకుండా చూసుకోండి.

ఎన్నికలప్పుడు ప్రశ్నలు పాఠకుల నుంచే తీసుకోవచ్చు. 1992 అమెరికా ఎన్నికల్లో షార్లెట్ అబ్జర్వర్ పత్రిక స్థానికులను సర్వే చేసి, వాళ్లు ముఖ్యమన్న అంశాల మీదే కవరేజీ నడిపింది.